కోత పెట్టినంత మాత్రాన అబద్ధమా?

కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడూ కలిసి ఇప్పుడు ఒకే నగరంలా బతుకుతున్నాయి. ఇక్కడ పెళ్లి గానీ, బియాబానీ దర్గా ఉర్సు గానీ, ఫాతిమా మాత ఉత్సవం గానీ, బతుకమ్మ గానీ కెమెరా లేకుండా గడవడం లేదు. రాత్రి మొదలై మర్నాడు మధ్యాహ్నం దాకా సాగిన పెళ్లి, వీడియో మిక్సింగ్‌కు వెళ్లి మూడు గంటలై తిరిగొస్తుంది. అందులోంచి పది నిమిషాల హైలైట్స్ తీస్తారు. ఏళ్లు గడిచాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూసుకునేది ఆ పది నిమిషాలనే. ఇప్పుడు లేని తాత నడుస్తూ, నవ్వుతూ మనవలకు కనిపించేది అందులోనే. అందుకే ఈ ప్రశ్న చిన్నది కాదు: కోసి, అతికి, సాఫీగా నడిపించిన ఆ బొమ్మలో ఉన్నది సత్యమేనా? సత్యాన్ని ధర్మాలన్నిటికీ తలమానికంగా చెప్పుకునే మన సమాజంలో దీనికి రెండు తేలిక జవాబులు వినిపిస్తాయి. ఉన్నదున్నట్టు చూపితే సత్యం, కత్తెర పెడితే అబద్ధం అన్నది ఒకటి. బొమ్మంటేనే మాయ, అందులో నిజానిజాల లెక్కేమిటి అన్నది రెండోది. ఈ రెండూ తప్పేనని నా వాదన. కోత దానంతట అది అబద్ధం కాదు. ఎడతెగకుండా సాగడం దానంతట అది సత్యమూ కాదు. ఒక క్షణం మరో క్షణం మీద ఎలా ఆధారపడి ఉందో ఆ సంబంధాన్ని కాపాడిన వీడియో సత్యం చెబుతుంది. దాన్ని తెంచిన వీడియో, ఒక్క కోత లేకపోయినా, అబద్ధమాడుతుంది. ఈ మాటకు ఆధారం మన దర్శనాల్లో ఎంత ఉందో, స్టిల్ కెమెరా తీసే వీడియో ఫైలులోనూ అంతే ఉంది.

ముందు ఫైలు సంగతి చూద్దాం. ఫొటోలు తీసే డీఎస్ఎల్ఆర్ కెమెరాతోనే హై డెఫినిషన్ వీడియో తీయడం 2008లో మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో నికాన్ డీ90ని, సెప్టెంబరులో కెనాన్ 5డీ మార్క్ 2ను ప్రకటించారు. పెద్ద సెన్సర్, మార్చుకునే లెన్సులు, వెనకంతా మసకబారి ముఖం మాత్రం తేటగా నిలిచే ఆ సినిమా చూపు అంతకుముందు లక్షలు పోస్తే గానీ దొరికేది కాదు. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ సినిమాను కెనాన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో చుట్టేశారు. పెళ్లిళ్లు తీసేవాళ్లూ టేపు కెమెరాలు పక్కనబెట్టి ఇటు మళ్లారు. తీయడం సులువైంది గానీ మిక్సింగ్ దగ్గర చిక్కొచ్చింది. డీవీ టేపులోంచి ఎక్కించిన ఫుటేజీ మామూలు కంప్యూటర్‌లో కూడా హాయిగా నడిచేది. కొత్త మెమరీ కార్డులోంచి దించిన క్లిప్పు టైమ్‌లైన్ మీద పెట్టగానే ఆగి ఆగి నడిచేది. బొమ్మ ఒకచోట, మాట ఒకచోట. కంప్యూటర్‌కు బలం చాలడం లేదని అందరూ అనుకున్నారు. అది సగమే నిజం. డీవీ టేపులో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉండేది. కెనాన్ 5డీ లాంటి కెమెరాల కొత్త ఫైలు కాలాన్ని మరో తీరుగా దాచుకుంటుంది, అసలు కారణం అక్కడుంది.

ఒక ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఒక ఫ్రేముకు 62 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేములైతే 15 కోట్ల 55 లక్షల బైట్లు. కార్డు మీదికి మాత్రం సెకనుకు సుమారు 50 లక్షల బైట్లే చేరతాయి, అంటే ముప్పై వంతుల్లో ఒక వంతు. మిగతాది ఎటుపోయింది? సగం రంగుల దగ్గర పోయింది: నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు వివరం ఉంచుతారు. మిగిలిన సగంలో ఎక్కువ భాగాన్ని 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 పద్ధతి తగ్గించింది. కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం మీద స్టాండు వేసి కెమెరా నిలబెట్టారనుకోండి. మొదటి ఫ్రేము పూర్తిగా రాస్తుంది: బెంచీ, స్తంభం, బోర్డు, దూరంగా ఇంజను. తర్వాతి ఫ్రేములో బెంచీ మళ్లీ రాయదు, ‘ముందున్నదే’ అని ఊరుకుంటుంది. ఇంజనున్న ముక్క ఇన్ని చుక్కలు ఇటు జరిగిందని మాత్రం గుర్తు పెట్టుకుంటుంది. కాసేపటికొకసారి మళ్లీ ఒక పూర్తి ఫ్రేము, వాటి నడుమ అన్నీ తేడాల చిట్టాలే. కాబట్టి నడిమి ఫ్రేము ఒకటి చూపించమంటే కంప్యూటర్ వెనక్కి పోయి పూర్తి ఫ్రేమును పట్టుకుని, అక్కడినుంచి ఒక్కో తేడా కలుపుకుంటూ రావాలి. ఎడిటర్ ముందుకూ వెనక్కూ జరిపిన ప్రతిసారీ ఈ పనంతా మళ్లీ చేయాలి. ఆగి ఆగి నడవడానికి కారణం ఇదే. అందుకే ఎడిటింగ్ కోసం ప్రాక్సీ ఫైళ్లు అనే తేలికపాటి నకళ్లు చేసుకుంటారు, లేదా ప్రతి ఫ్రేమూ దేనికదే నిలబడే మధ్యంతర ఫార్మాట్‌లోకి మారుస్తారు. ఫైలు ఎన్నో రెట్లు పెరుగుతుంది గానీ చెయ్యి ఆడించిన చోటల్లా బొమ్మ పలుకుతుంది. పని పూర్తయ్యాక రెండర్ చేసి మళ్లీ తేడాల చిట్టాగానే ఇంటికి ఇస్తారు.

ఇందులో మన ప్రశ్నకు పనికొచ్చే విషయం ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పెళ్లి వీడియోలో ‘ధార’ అనేది ఎక్కడా లేదు. ఉన్నవి కొన్ని పూర్తి బొమ్మలు, కొన్ని తేడాలు, ఏది దేని తర్వాత అన్న వరుస. ధార ప్రతిసారీ చూసేటప్పుడే పుడుతోంది. ఒక పూర్తి ఫ్రేము చెడిపోతే దాని మీద ఆధారపడ్డ ఫ్రేములన్నీ చతురస్రాల ముద్దలై, ఒకరి ముఖం మరొకరి చీర మీదికి జారిపోతుంది. ఆ ఫ్రేములు ఫైలులోంచి పోలేదు, అన్నీ ఉన్నాయి. పోయింది వాటికి ఆధారం. వీడియోను నిలబెడుతున్నది ఫ్రేముల సంఖ్యా కాదు, వాటి నిరంతరతా కాదు, పరాధీనత నిలబెడుతోంది. పూర్తి ఫ్రేములు తప్ప, మరో ఫ్రేము మీద ఆనుకోకుండా ఏ ఫ్రేమూ నిలబడటం లేదు.

కోయని వీడియోనైనా నమ్మొచ్చు కదా అనేవారు ఒక సంగతి గమనించాలి. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్‌ను సాధారణంగా సెకనులో 50వ వంతు దగ్గర పెడతారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద బొమ్మ మీద చారలు పారకుండా ఉండటానికీ అదే అనువు. ఇరవై ఐదుసార్లు యాభయ్యో వంతు అంటే అర సెకను. అంటే నడుస్తున్న ప్రతి సెకనులో సగం కాలం కెమెరా చూడనే లేదు. గంట వీడియోలో అరగంట వెలుగు సెన్సర్ మీద నమోదు కాలేదు. పోనీ చూసిన ఆ సగమైనా ఒక్క క్షణమా? ఈ కెమెరాల సెన్సర్ చాలామటుకు పైవరుస నుంచి కిందివరుస దాకా వరుసవారీగా చదువుతుంది. ఆపకుండా పోయే రైలును ప్లాట్‌ఫాం మీంచి తీసి ఆ బొమ్మను ఆపి చూడండి: స్తంభాలు నిటారుగా ఉంటాయి, పెట్టె కిటికీల అంచులు మాత్రం పక్కకు వాలి ఉంటాయి. కిటికీ పైఅంచును చదివిన సమయానికీ కింది అంచును చదివిన సమయానికీ మధ్య రైలు కదిలిపోయింది. అదే కెమెరాతో రైలులోంచి బయటికి తీస్తే కిటికీ నిటారుగా నిలిచి స్తంభాలు వాలతాయి. కాబట్టి ఒక ఫ్రేము కూడా ఒక క్షణం కాదు, కొన్ని క్షణాల పొరలు. ఎడిటర్ కత్తెర పట్టకముందే కాలం ఇన్నిసార్లు తెగింది. కోతే అబద్ధమైతే కెమెరా ఆన్ చేయడమే అబద్ధమాడటం. ఆ మాట ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర లేదు కూడా.

ఈ సంగతి మన తాత్వికులకు కెమెరా లేకుండానే తెలుసు. కృష్ణాతీరంతో సంప్రదాయం ముడిపెట్టిన నాగార్జునుడు మూలమధ్యమకకారికలో రెండో ప్రకరణం మొత్తాన్ని గమనం గురించిన పరీక్షకే కేటాయించాడు. దాటిపోయిన చోట కదలిక దొరకదు, ఇంకా చేరని చోటా దొరకదు, మరి మధ్యలో పట్టి చూపించగల కదలిక ఏది అని అడుగుతాడు. గౌడపాదుడు మాండూక్యకారిక చివరి ప్రకరణానికి అలాతశాంతి అనే పేరు పెట్టాడు. కొరివిని గిరగిర తిప్పితే నిప్పు వలయం కనిపిస్తుంది. ఆపితే వలయం ఎక్కడికీ పోదు, ఎందుకంటే అది ఎక్కడినుంచీ రాలేదు. ఒకరు బౌద్ధుడు, మరొకరు వేదాంతి. చేరిన చోట్లు వేరైనా, కనిపించే ధార తనకు తానే సాక్ష్యం కాలేదన్న దగ్గర ఇద్దరూ కలుస్తారు. 1912లో జర్మనీలో మాక్స్ వర్తైమర్ తన ప్రయోగాలను ప్రచురించి, ఒకదాని తర్వాత ఒకటి తగిన ఎడంతో మెరిసిన రెండు నిశ్చల గీతలు కదులుతున్న ఒకే గీతగా కంటికి తోస్తాయని చూపించాడు. సినిమా తెర మొదలు ఫోన్ తెర దాకా అన్నీ ఆ భ్రమ మీదనే నడుస్తున్నాయి.

కాజీపేటలో ఈ మాట చెప్పుకునేటప్పుడు ఇస్లామీ చింతనను వదిలిపెట్టడం న్యాయం కాదు. ఏటా సఫర్ నెలలో ఈ ఊరికి జనాన్ని రప్పించే అఫ్జల్ బియాబానీ 19వ శతాబ్దపు సూఫీ. ఆయన వెనకనున్న విశాల సంప్రదాయంలో ఈ చర్చ శతాబ్దాల పాటు సాగింది. అష్‌అరీ మతతత్వవేత్తలు వస్తువు గుణాలేవీ రెండు క్షణాలు నిలవవనీ, ప్రతి క్షణం అల్లా వాటిని కొత్తగా సృష్టిస్తున్నాడనీ అన్నారు. 1240లో మరణించిన ఇబ్న్ అరబీ సృష్టి ప్రతి ఊపిరితో నవీకరణ చెందుతోందని బోధించాడు. ఇక్కడ ధారను నిలబెడుతున్నది కార్యకారణ పరంపర అని బౌద్ధుడిలా చెప్పరు, దైవసంకల్పం అంటారు. తేడా చాలా పెద్దది. అయినా బౌద్ధుడు, వేదాంతి, ఇస్లామీ చింతకుడు ముగ్గురూ ఒప్పుకునే అంశం నా వాదనకు చాలు: నిన్నటి లోకం ఇవాళ్టి లోకంగా సాగుతున్నట్టు కనబడటం ఒక్కటే అది సాగుతున్నదనడానికి రుజువు కాదు. కలిపి ఉంచుతున్నదేమిటో వేరే చూపాలి.

ఇక్కడ శంకరులు లేవనెత్తిన ఆక్షేపణ బలమైనది. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో ఆయన, అన్నీ క్షణంలో పుట్టి క్షణంలో పోతాయనే బౌద్ధుల క్షణికవాదాన్ని ఖండిస్తూ జ్ఞాపకాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. నిన్న చూసినవాడూ ఇవాళ గుర్తు చేసుకుంటున్నవాడూ ఒకరే కాకపోతే జ్ఞాపకం ఎలా కుదురుతుంది? అన్నీ క్షణాలే అయితే క్షణాలను కలిపేదెవరు? మన ఫైలు కూడా ఆయన పక్షానే కొంత సాక్ష్యం చెబుతుంది. తేడాల చిట్టా తనంతట తాను బొమ్మ కాలేదు. వెనకటి ఫ్రేములను పట్టి ఉంచే ఒక తాత్కాలిక స్థానం ఫైలును బొమ్మగా మార్చే డీకోడర్‌లో ఉండాలి, లేకపోతే ‘ఇటు జరిగింది’ అన్న మాటకు దేన్నుంచో తెలియదు. ఆ స్థానం ఏ ఫ్రేములోనూ కనిపించదు, అది లేకుండా ఏ ఫ్రేమూ కనిపించదు. బౌద్ధుడు దీనికి బదులివ్వగలడు: ఆ స్థానంలోనూ పాతది చెరిగి కొత్తది పడుతూనే ఉంది, అదీ ఒక ప్రవాహమే అంటాడు. వేదాంతి వదలడు: చెరిగిందని ఎరిగినది చెరగలేదు కదా అంటాడు. ఈ వ్యాజ్యాన్ని ఒక యంత్రం తీర్చలేదు. తీర్చిందని చెప్పడం యంత్రానికి లేని అధికారం కట్టబెట్టడం. మన ప్రశ్న వరకు మాత్రం ఇద్దరూ ఒకే షరతు పెడుతున్నారు. ఐక్యం సంబంధంలో ఉన్నా, సాక్షిలో ఉన్నా, విడి ఫ్రేముల్లో లేదు, వాటి సాఫీతనంలోనూ లేదు. కాబట్టి సత్యాసత్యాల పరీక్ష కూడా అక్కడ జరగకూడదు.

అయితే ఆ పరీక్ష ఎక్కడ జరగాలి? పెళ్లి వీడియోలో ఎప్పుడూ చూసే ఒక పని తీసుకుందాం. మాంగల్యధారణ సమయంలో పెళ్లికూతురు తల్లి ముఖం కెమెరాకు దొరకలేదు. అప్పగింతలప్పుడు ఆమె కంటతడి పెట్టిన షాటు ఉంది. ఎడిటర్ దాన్ని తెచ్చి మూడుముళ్ల పక్కన అతికిస్తాడు. రంగు కలిసింది, సంగీతం కలిసింది, అతుకు కనిపించదు. చూసినవారికి కళ్లు చెమరుస్తాయి. తల్లి ఏడ్చింది నిజమే కదా, తప్పేముంది అంటారు. ఏడ్చింది నిజమే. అయితే ఆ కన్నీటికి కారణం బిడ్డ ఇల్లు విడిచి వెళ్లడం. వీడియో దాన్ని తాళి కట్టిన ఆనందంగా చూపించింది. కార్యం అసలుదే, కారణం మార్చేశారు. రేపు ఆ తల్లి లేనప్పుడు ఆమె మనసు గురించి ఆ ఇంటికి మిగిలే సాక్ష్యం ఇదే. పొరపాటు కోతలో లేదు, ఆధారాన్ని మార్చి అతికించడంలో ఉంది. అదే ఎడిటర్ మూడు గంటల భోజనాల బంతిని నలభై సెకన్లకు కుదించినా ఎవరికీ ఏ అన్యాయమూ జరగదు. అక్కడ కోత ఎంతో పెద్దది, అబద్ధం సున్నా.

పూజలూ జాతరల దగ్గర ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే మేడారం జాతరకు కాజీపేట స్టేషన్ ఒక ముఖద్వారం. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. నాలుగు రోజులను నాలుగు నిమిషాలు చేయవచ్చు, భక్తుడికి అందులో కొరత కనిపించదు. అలాకాక గుట్ట దిగుతున్న సమ్మక్క షాటు గొప్పగా వచ్చిందని దాన్ని ముందు పెట్టి సారలమ్మ రాకను తర్వాత చూపితే, నిమిషం కూడా కోయకపోయినా జాతర మారిపోతుంది. అక్కడ వరుస అలంకారం కాదు, వరుసే క్రతువు. జీలకర్ర బెల్లం, మాంగల్యం, తలంబ్రాలు అనే క్రమమూ అంతే. ముందరిది జరిగింది కాబట్టి తర్వాతిది జరుగుతుంది. వీడియో ఫైలులో తేడా ఫ్రేము పూర్తి ఫ్రేము మీద ఎలా ఆనుకుందో, తలంబ్రాలు మాంగల్యం మీద అలాగే ఆనుకుని ఉన్నాయి.

దీనిమీద కళాకారుల వైపు నుంచి ఒక ఆక్షేపణ వస్తుంది. వరుస మార్చకూడదంటే ఫ్లాష్‌బ్యాక్ ఎలా? వృద్ధాప్యం చూపి బాల్యానికి వెళ్లే సినిమాలన్నీ అబద్ధాలా? కావు. దానికి జవాబు మన కథకులే ఇచ్చారు. ఒగ్గుకథ చెప్పేవారు గానీ, హరిదాసులు గానీ పన్నెండేళ్ల వనవాసాన్ని ఒక్క ఊపులో దాటించేస్తారు, కథ మధ్యలో ఆపి వెనకటి జన్మలోకి తీసుకుపోతారు, మళ్లీ తెచ్చి దించుతారు. వినేవాడికి తాను ఎక్కడున్నాడో తెలుసు. వెళ్లడం తెలుసు, రావడం తెలుసు. చెప్పే వరుస మారింది గానీ జరిగిన వరుస చెదరలేదు. ఏ పనికి ఏది ఫలమో శ్రోత మనసులో చెక్కుచెదరలేదు. ఫ్లాష్‌బ్యాక్ తాను ఫ్లాష్‌బ్యాక్‌నని చెప్పుకుంటుంది. తల్లి కన్నీటి అతుకు తాను అతుకునని చెప్పుకోదు, చెప్పుకుంటే అది పనిచేయదు. ఒక కోతను చూసేవాడికి విప్పి చెప్పినా అది నిలబడుతుందా, చెప్పగానే కూలుతుందా అన్నది మంచి గీటురాయి.

రెండో ఆక్షేపణ దీనికి ఎదురుగా వస్తుంది. ఇన్ని మెలికలెందుకు, కోయని ఫుటేజీని నమ్ముకుంటే సరిపోదా? చాలదు. రోడ్డు మీద తగాదా జరిగి, మొదటి దెబ్బ పడ్డాక ఎవరో ఫోన్ తీసి రెండో దెబ్బ నుంచి రికార్డు చేశారనుకోండి. అందులో ఒక్క కోత లేదు, ధార ఎక్కడా తెగలేదు. కొట్టించుకున్నవాడు కొట్టినవాడై ఊరంతా తిరుగుతాడు. పూర్తి ఫ్రేము లేకుండా తేడాలు మాత్రమే అందిన ఫైలు లాంటిదే ఈ అబద్ధం. న్యాయస్థానాలకు ఈ ఎరుక ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా రావాలంటే ధ్రువపత్రం అడుగుతుంది: ఏ పరికరంలోంచి వచ్చింది, అది ఎవరి అధీనంలో ఉంది, ఫైలు మారలేదని సరిచూసేందుకు పనికొచ్చే హాష్ విలువ ఎంత? వీడియో సాఫీగా నడుస్తోందా అని చట్టం అడగడం లేదు. ఎక్కడినుంచి బయలుదేరి ఎవరి చేతుల మీదుగా ఎలా వచ్చిందో ఆ పరంపర అడుగుతోంది. దర్శనాలు సూక్ష్మంగా చెప్పిన దాన్నే చట్టం మోటుగా, పనికొచ్చేలా చెప్పింది.

అన్నిటికంటే కఠినమైన ఆక్షేపణ ఇప్పటి కాలానిది. ‘ముందున్నదే, ఇటు జరిగింది’ అంటూ కెమెరాయే నడిమి ఫ్రేములను ఊహించి రాస్తోందని ఒప్పుకున్నాక, రెండు ఫ్రేముల నడుమ లేని ఫ్రేమును సాఫ్ట్‌వేర్ సృష్టించి స్లో మోషన్ చేస్తే తప్పేమిటి? కృత్రిమ మేధ మొత్తం షాటునే సృష్టిస్తే దానికీ దీనికీ గీత ఎక్కడ గీస్తారు? గీత ఉంది, అదీ హెచ్.264 లోపలే ఉంది. ఆ పద్ధతి మొదట ఫ్రేమును ఊహిస్తుంది, నిజమే. తర్వాత తన ఊహను సెన్సర్ నిజంగా చూసిన బొమ్మతో పోల్చి, ఎంత తప్పానన్నది లెక్కగట్టి, ఆ శేషాన్ని ఊహతో పాటు రాస్తుంది. కుదించే తొందరలో ఆ శేషంలో కొంత పోవచ్చు గానీ, చూసినదానికి ఊహ తలవంచడం మాత్రం ఆ పద్ధతికి ప్రాణం. సాఫ్ట్‌వేర్ కల్పించిన స్లో మోషన్ ఫ్రేముకు ఆ శేషం లేదు. దాన్ని దిద్దడానికి ఎవరూ ఏమీ చూడలేదు. అయినా దానికి అటూ ఇటూ రెండు నిజ ఫ్రేములు కాపలా ఉన్నాయి. ఎగిరిన తలంబ్రాల గింజ నడుమ చెదిరినా, తర్వాతి నిజ ఫ్రేములో తన చోటికి వస్తుంది. మొత్తం షాటే కల్పించినప్పుడు ఆ కాపలా కూడా లేదు. మన న్యాయదర్శనం అనుమానాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటూనే, దానికి ప్రత్యక్షం పునాదిగా ఉండాలంది. పొగ చూసి నిప్పు ఊహించవచ్చు, పొగను కూడా ఊహించుకుంటే అది ప్రమాణం కాదు. ఊహించడం అబద్ధం కాదు. దిద్దుబాటుకు లోబడని ఊహను చూసినదిగా చెలామణీ చేయడం అబద్ధం.

ఇంత చర్చ మిక్సింగ్ గదిలో కూర్చున్న మనిషికి ఏం చెబుతుంది? మొదటిది, భయపడొద్దని. కోయడం, కుదించడం, సాఫీగా నడిపించడం ఆ వృత్తి ధర్మమే, అందులో పాపం లేదు. ఆగి ఆగి నడిచే బొమ్మ నిజాయితీకి గుర్తు కాదు, చూసేవారికి కష్టం, అంతే. రెండోది, బాధ్యత ఎక్కడుందో. క్రతువుల వరుస చెదరకూడదు. ఒకరి కన్నీరు, ఒకరి నవ్వు, ఒకరి మాట దాని కారణం నుంచి విడదీసి మరో కారణానికి కట్టకూడదు, మరీ ముఖ్యంగా ఆ మనిషి కాదని చెప్పుకోలేని చోట. కల్పించిన షాటు ఉంటే ఇంటివారికి చెప్పాలి. హైలైట్స్ ఇచ్చి అసలు ఫుటేజీ చెరిపేయకుండా దాన్నీ ఆ ఇంటికి అప్పగించాలి, ఎప్పుడైనా సరిచూసుకోవాలంటే ఆధారం ఉండాలి కదా. చూసేవారికీ ఒక పని ఉంది. వీడియో ఎంత తేటగా, ఎంత సాఫీగా ఉందన్నది దాన్ని నమ్మడానికి కారణం కాదు. ఇది ఎక్కడ మొదలైంది, దీనికి ముందేం జరిగింది, దీన్ని ఎవరు దిద్దగలరు అని అడగాలి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరికే వీడియోలో ఎన్ని కోతలున్నా అందులో సత్యం ఉంది. జవాబు దొరకని వీడియో ఎంత ఏకధారగా నడిచినా దాన్ని నమ్మి ఒక మనిషిని మెచ్చుకోవడానికి గానీ, దూషించడానికి గానీ మనకు హక్కు లేదు.